బులుసు లక్ష్మణ దీక్షితులు: షాద్‌నగర్ భూకేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌ఏ సారథ్యం

బులుసు లక్ష్మణ దీక్షితులు ఎలక్ట్రికల్ ఇంజనీరు, కంప్యూటర్‌తో చిత్రాలను విశ్లేషించే విద్యలో మన దేశపు తొలితరం పరిశోధకుడు, హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి (ఎన్‌ఆర్‌ఎస్‌ఏ) 1982 నుంచి 1996 దాకా డైరెక్టరు. 1936లో పుట్టారు. 1991లో పద్మశ్రీ అందుకున్నారు. అంతరిక్ష సంస్థలో పెద్ద పదవి అనగానే శ్రీహరికోట, కౌంట్‌డౌన్, పొగ, చప్పట్లు గుర్తుకొస్తాయి. ఈయన పని అక్కడ కాదు. పాలమూరు (మహబూబ్‌నగర్) చెల్కల నడుమ నిలబెట్టిన ఒక యాంటెన్నా ఆకాశం నుంచి పట్టుకున్న అంకెలను పటాలుగా మార్చడం, ఆ పటం చెప్పిన మాట ఎవరికి నచ్చినా నచ్చకపోయినా దానికి పూచీ పడడం ఆయన ఉద్యోగం. అందుకే కాబోలు, పద్నాలుగేళ్లు ఆ కుర్చీలో ఉన్న మనిషి పేరు తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలియదు.

ఈ వ్యాసం ఆయన పదవీకాలాన్ని షాద్‌నగర్ భూకేంద్రంతోనూ, దాని చుట్టూ పరుచుకున్న మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టనేలలతోనూ కలిపి చూస్తుంది.

బెంగళూరు రోజులు

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1958లో ఇంజనీరింగ్ పట్టా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1964లో డాక్టరేట్. చదివింది కంట్రోల్ సిస్టమ్స్. డాక్టరేట్ అయ్యాక అక్కడే పన్నెండేళ్లు పాఠాలు చెప్పారు. ఆ కాలంలోనే ఆయన దృష్టి బొమ్మల మీదికి మళ్లింది. ఫొటోను కంప్యూటర్ లోపలికి పంపాలంటే ముందు దాన్ని అంకెలుగా విడగొట్టాలి. అప్పటికి మన దేశంలో అందుకు పనికొచ్చే యంత్రం లేదు. దీక్షితులు డ్రమ్ స్కానర్ తయారు చేశారు. తిరిగే గుండ్రని పీపాకు ఫొటోను చుడతారు. సన్నని వెలుగుచుక్క దాని మీద వరుస వెంట వరుస నడుస్తూ ఏ చోట ఎంత నలుపు, ఎంత తెలుపు ఉందో కొలిచి అంకె వేస్తుంది. మొదట నలుపు తెలుపుల స్కానరు, ఆ తర్వాత రంగులది, రెండూ దేశంలో మొదటివే.

ఈ పని పాత నల్లగొండ జిల్లావాళ్లకు కొత్తగా తోచదు. పోచంపల్లిలో చిటికి కట్టే నేతగాడు గళ్ల కాగితం మీద ఒక్కో గడినీ నింపి, ఆ లెక్క ప్రకారం నూలుకు ముడులు వేసి, రంగుల్లో ముంచుతాడు. మగ్గం ఎక్కకముందే బొమ్మ అంతా గడుల లెక్కగా దారంలో ఉంటుంది. ఉపగ్రహ చిత్రమూ అంతే. గడి ఎంత చిన్నదైతే బొమ్మ అంత నికరంగా వస్తుంది. ఆ గడినే పిక్సెల్ అంటున్నాం.

హైదరాబాదులో కొత్త సంస్థ

ఎన్‌ఆర్‌ఎస్‌ఏ 1974 సెప్టెంబరు 2న రిజిస్టర్డ్ సొసైటీగా పుట్టింది. మొదట శాస్త్ర సాంకేతిక శాఖ కింద ఉండేది. 1980లో అంతరిక్ష శాఖకు మారింది. సంస్థ మొదలైన నాటికి మనకు సొంత ఉపగ్రహం ఒక్కటీ లేదు. విమానాల్లో కెమెరాలు పెట్టి తీసిన చిత్రాలు, అమెరికా 1972లో వదిలిన లాండ్‌శాట్ చిత్రాలు, ఇవే పెట్టుబడి. దేశంలో రిమోట్ సెన్సింగ్ విద్యకు ఆద్యుడు పి.ఆర్. పిషరోటి. 1970లో కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టర్‌లో తిరిగి, పరారుణ ఫిల్మ్ మీద ఫొటోలు తీయించి, తెగులు సోకిన చెట్లను పైనుంచే గుర్తుపట్టవచ్చని ఆయన బృందం చూపించింది.

దీక్షితులు 1976లో ఈ సంస్థకు వచ్చారు, ఆరేళ్లకు డైరెక్టరయ్యారు. ప్రొఫెసరుగిరీ వదిలి ప్రభుత్వ సంస్థకు రావడం పైకి చిన్న మార్పులాగే కనిపిస్తుంది. కానీ క్లాసులో చెప్పిన సిద్ధాంతానికి పరీక్ష పరీక్ష హాల్లోనే ముగుస్తుంది. ఇక్కడ గీసిన గీతకు అటవీ శాఖ, వ్యవసాయ శాఖ, జిల్లా కలెక్టర్లు తలా ఒక పరీక్ష పెడతారు.

షాద్‌నగర్

లాండ్‌శాట్ చిత్రాలను అమెరికా నుంచి తెప్పించుకుంటే అవి చేతికొచ్చేసరికి పంట కోతలు కూడా అయిపోయేవి. నేరుగా మన నేల మీదే సంకేతాలు అందుకోవడానికి 1979లో షాద్‌నగర్‌లో భూకేంద్రం పెట్టారు. షాద్‌నగర్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు రంగారెడ్డిలోకి వెళ్లింది. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు పోయే రోడ్డు మీద, రైలు మార్గం పక్కన ఉన్న ఊరు. ఇలాంటి కేంద్రానికి నగరపు రేడియో రొద అందకూడదు, నాలుగు దిక్కులా ఆకాశం నేలను తాకేదాకా అడ్డు ఉండకూడదు. ఆ మెట్టల మీద రెండూ దొరికాయి. తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం షాద్‌నగర్ యాంటెన్నాకు చుట్టూ దాదాపు రెండున్నర వేల కిలోమీటర్ల మేర కనిపిస్తుంది. ఉత్తరాన కశ్మీరు కొస, దక్షిణాన శ్రీలంక అంతా ఆ వలయంలోనే ఉంటాయి.

రోజూ జరిగే పని ఇలా ఉంటుంది. ఉపగ్రహం ధ్రువం నుంచి ధ్రువానికి తిరుగుతూ, పొద్దున తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య మన మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. ఎండ ఏటవాలుగా పడి గుట్టల నీడలు తెలిసే వేళ అది. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏ దిక్కున తల ఎత్తుతుందో ముందే లెక్క కట్టి ఉంచుతారు. యాంటెన్నా ఆ దిక్కుకు తిరిగి కాచుకుని, సంకేతం తగలగానే పట్టుకుని, ఉపగ్రహంతో పాటు తలెత్తుతూ, మళ్లీ దించుతూ పోతుంది. పది, పన్నెండు నిమిషాల్లో కథ ముగుస్తుంది. ఆ కాసేపట్లో పెద్ద చక్రాల అయస్కాంత టేపు మీదికి ఎక్కినదే ఆ రోజు పంట. తప్పిపోతే మళ్లీ అదే దారిన ఉపగ్రహం వచ్చేదాకా రెండు, మూడు వారాలు ఆగాలి. ఆ రోజు ఆ చోట మబ్బు ఉంటే ఆగినా లాభం లేదు.

నిండిన టేపులు వాహనమెక్కి నగరం ఆ చివర ఎన్‌ఆర్‌ఎస్‌ఏ కార్యాలయమున్న బాలానగర్‌కు పోయేవి. ఉపగ్రహం కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా నిమిషాల్లో దాటిపోతుంది. అది పంపిన సమాచారం షాద్‌నగర్ నుంచి బాలానగర్ చేరడానికి లారీలను, ఎడ్లబండ్లను తప్పించుకుంటూ గంటల తరబడి నడిచేది. అంతరిక్ష యుగం మన దగ్గర చాలాకాలం ఆ వాహనం వేగంతోనే సాగింది.

అడవి లెక్క

దీక్షితులు పదవీకాలంలో ఎక్కువ దుమారం రేపినది అడవుల పటం. దేశంలో అడవి ఎంత ఉందంటే అటవీ శాఖ రికార్డులు దాదాపు ఏడున్నర కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో 23 శాతానికి దగ్గరగా చెప్పేవి. ఎన్‌ఆర్‌ఎస్‌ఏ లాండ్‌శాట్ చిత్రాలతో రెండు కాలాలకు లెక్క వేసింది. 1972-75 నాటికి 16.89 శాతం, 1980-82 నాటికి 14.10 శాతం. తేడాను హెక్టార్లలోకి మారిస్తే ఏడేళ్లలో దాదాపు 92 లక్షలు, ఏటా 13 లక్షల హెక్టార్ల అడవి పోయిందన్నమాట. 1984లో ఈ అంకెలు బయటికి వచ్చేసరికి పార్లమెంటు నుంచి పత్రికల దాకా గగ్గోలు పుట్టింది.

అటవీ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ల వాదన పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. శాఖ రికార్డుల్లో 'అడవి' అంటే చట్టం ప్రకారం అడవిగా ప్రకటించిన భూమి, అక్కడ చెట్టు ఉన్నా లేకున్నా. ఉపగ్రహానికి చట్టం తెలియదు, చెట్టు నీడే తెలుసు. అయితే ఆ నీడను చదవడంలోనూ చిక్కులున్నాయి. అప్పటి పని కంప్యూటర్ తెర మీద జరిగింది కాదు. వెలుగుబల్ల మీద చిత్రాన్ని పరిచి, పైన ట్రేసింగ్ కాగితం పెట్టి, అనుభవమున్న కన్ను, పెన్సిలు కలిసి గీసిన గీతలవి. స్కేలు పది లక్షలకు ఒకటి, అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. చిన్న చిన్న అడవి తునకలు పెన్సిలు మొన కిందే మాయమవుతాయి. నల్లమల లాంటి ఆకురాల్చే అడవిది మరో తిరకాసు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణాన అమ్రాబాదు గుట్టల అడవిని నవంబరులో చూస్తే నిండుగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అదే అడవి ఎండిన కట్టెలమోపులా కనిపిస్తుంది. చిత్రం ఏ నెలదో చెప్పకుండా శాతం ఒక్కటే చెబితే అర్ధసత్యమే.

చివరికి ఎన్‌ఆర్‌ఎస్‌ఏ, 1981లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కలిసి కూర్చుని లెక్కలు సరిచూసుకున్నాయి. రాజీ అంకె 19.5 శాతం దగ్గర తేలింది. ఎన్‌ఆర్‌ఎస్‌ఏ మొదటి అంకె తక్కువైంది కాబట్టి దాన్ని ఓటమిగా చూసినవాళ్లున్నారు. ఈ వ్యాసకర్త అలా అనుకోవడం లేదు. ఆ తగాదా లేకపోతే దేశంలో అడవి విస్తీర్ణాన్ని ఫైళ్లలోంచి కాక పైనుంచి కొలవడం, రెండేళ్లకోసారి ప్రకటించడం ఆనవాయితీ అయ్యేది కాదు. ఫారెస్ట్ సర్వే మొదటి నివేదిక వచ్చింది 1987లో.

బంజర్ల విషయంలోనూ ఇదే తంతు. 1985లో జాతీయ బంజరుభూముల అభివృద్ధి బోర్డు ఏర్పడేనాటికి దేశంలో బంజరు ఎంత ఉందో అంచనాలు 5 కోట్ల హెక్టార్ల నుంచి 17 కోట్ల హెక్టార్ల దాకా ఉండేవి. బంజరు అంటే ఏమిటన్న దగ్గరే తేడా. మహబూబ్‌నగర్‌లో వాన లేక పడావు పెట్టిన చెల్క, ఉప్పు తేలిన నేల, గొర్రెలు మేసే గుట్ట, ఇవి మూడూ చిత్రంలో ఒకే తీరుగా తెల్లబారి కనిపించవచ్చు. పటం గీసేవాళ్లు ఆ ఊళ్లకు వెళ్లి, నేలను కళ్లతో చూసి, మళ్లీ వచ్చి గీత దిద్దుకోవాల్సిందే. 1986 నుంచి 50 వేలకు ఒకటి స్కేలులో జిల్లాల వారీగా మొదలైన ఆ పని దీక్షితులు పదవీవిరమణ చేశాక గానీ తెమలలేదు. 2000లో అచ్చయిన బంజర్ల అట్లాసు 6.38 కోట్ల హెక్టార్లని చెప్పింది.

రాతి కింద పగులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కింద ఉన్నది పాత నల్లసేనపు రాయి, గ్రానైటు. ఇసుకనేలలో నీళ్లు అంతటా ఇంకుతాయి. రాతినేలలో పగుళ్లు ఉన్నచోటే నిలుస్తాయి. పగులు దొరికితే బోరులో నీళ్లు, దొరక్కపోతే దుమ్ము. రైతు వేపపుల్ల పట్టుకున్నవాడినో, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టినవాడినో నమ్మడం ఈ రాతి పుణ్యమే.

పై నుంచి చూస్తే పగులు కనిపించదు, దాని జాడ కనిపిస్తుంది. వాగు ఉన్నట్టుండి గీత గీసినట్టు తిన్నగా పారుతుంది. ఎండాకాలంలో చుట్టూ అంతా ఎండిపోయినా ఒక సన్నని వరుసలో తుమ్మలు, ఈతచెట్లు పచ్చగా ఉంటాయి. గుట్టల మధ్య నల్లరాతి గోడ అడ్డంగా పోతుంది, దాని ఎగువన నీళ్లు ఆగుతాయి. నేల మీద నిలబడ్డవాడికి ఇవన్నీ ముక్కలుగా కనిపిస్తాయి. కిలోమీటర్ల పొడవున అవి ఒకే గీత అని చిత్రం చూపిస్తుంది. 1986లో మొదలైన తాగునీటి మిషన్ కోసం దేశంలోని 447 జిల్లాలకు ఈ పద్ధతిలో భూగర్భజల పటాలు తయారయ్యాయి. ఆ పనికి ఎన్‌ఆర్‌ఎస్‌ఏ ముందు నిలిచింది. స్కేలు రెండున్నర లక్షలకు ఒకటి. పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఊరు ఒక చుక్క. ఎక్కడ బోరు వేయాలో ఆ పటం చెప్పదు. ఏ దిక్కున వెతకాలో, ఎక్కడ వెతకడం దండగో చెబుతుంది. మిగతా పని భూగర్భజల శాఖ మనిషి తన పరికరంతో ఊరికొచ్చి చేసుకోవాలి.

నల్లగొండలో మరో కష్టం ఉంది, దాన్ని ఏ ఉపగ్రహమూ చూడలేదు. అక్కడి గ్రానైటులోనే ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నీరు ఎంతకాలం ఆ రాతిని అంటుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీరు. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు దాని ఫలితం. పటికతో, సున్నంతో ఆ నీటిని తేర్చే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ పద్ధతి' అనే పిలుస్తుంది. జిల్లాకు అలా వచ్చిన పేరు ఎవరూ కోరుకునేది కాదు. ఎన్‌ఆర్‌ఎస్‌ఏ పటం నీరెక్కడుందో చెప్పగలిగింది, ఆ నీటిలో ఏముందో చెప్పలేకపోయింది. పటం పట్టుకుని తవ్విన బోరు ఫ్లోరైడ్ బోరు కావడానికీ అడ్డు లేదు. ఆ ఊళ్లకు చివరికి కావలసి వచ్చింది కృష్ణా నది నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్లు.

సొంత ఉపగ్రహం, గుంటల లెక్క

1988 మార్చి 17న బైకనూరు నుంచి సోవియట్ రాకెట్ మీద మన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరింది. 975 కిలోల బరువు, 904 కిలోమీటర్ల ఎత్తు, 22 రోజులకోసారి అదే దారి. దాని చిత్రాలు దిగింది షాద్‌నగర్‌లోనే. దీక్షితులు సంస్థకు అది కొత్త పుట్టుక లాంటిది. అప్పటిదాకా ఇతరుల ఉపగ్రహానికి చందా కట్టి చిత్రాలు తీసుకున్న కేంద్రం, ఇకమీదట మన ఉపగ్రహం చిత్రాలను శుద్ధి చేసి అమ్మే కేంద్రమైంది.

మెరుగు ఎంతో తెలియాలంటే తెలంగాణ రైతు లెక్కలోకి మార్చుకోవాలి. నలభై గుంటలు ఒక ఎకరం. లాండ్‌శాట్ తొలి కెమెరాలో 80 మీటర్ల గడి అంటే సుమారు ఎకరం 23 గుంటలు. అంత నేలా చిత్రంలో ఒకే చుక్క. ఐఆర్‌ఎస్-1ఏలోని మొదటి కెమెరా గడి 72.5 మీటర్లు, ఎకరం 12 గుంటలు. రెండో కెమెరాది 36.25 మీటర్లు, 13 గుంటలు. 1995 డిసెంబరు 28న వెళ్లిన ఐఆర్‌ఎస్-1సీలో నలుపు తెలుపు కెమెరాది 5.8 మీటర్లు, గుంటలో మూడో వంతు. సైన్యాలవి పక్కన పెడితే అప్పటికి ప్రపంచంలో ఏ ఉపగ్రహానికీ అంత నిశితమైన చూపు లేదు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం నార్మన్‌లోనూ ఈ వరుస ఉపగ్రహాల చిత్రాలను అందుకునే ఏర్పాటైంది. అమెరికా చిత్రాల కోసం మొదలైన షాద్‌నగర్ కథ పదహారేళ్లలో అటు తిరిగింది. దీక్షితులు 1996లో పదవి దిగేనాటి స్థితి అది.

ఎర్రని చేలు

గడిని చిన్నది చేసే ఈ పరుగుకు పూర్తిగా ఎదురుదారిలో, పెద్ద గడితో చేసిన పని కరువు లెక్క. 1987 కరువు అనుభవం తర్వాత, 1989 ఖరీఫ్ నుంచి ఎన్‌ఆర్‌ఎస్‌ఏ జిల్లాలవారీగా కరువు నివేదికలు ఇవ్వసాగింది. వాడింది అమెరికా వాతావరణ ఉపగ్రహాల చిత్రం. గడి 1.1 కిలోమీటర్లు, అంటే దాదాపు మూడు వందల ఎకరాలకు ఒక చుక్క. చూపు మోటుదే, కానీ రోజూ దొరుకుతుంది. మబ్బు ఒకరోజు కమ్మినా మరో రోజు సందు ఇస్తుంది. కరువును కనిపెట్టడానికి రోజూ చూడటమే ముఖ్యం.

సూత్రం సులువు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర వెలుగును మింగుతుంది, కంటికి కనిపించని పరారుణ కిరణాన్ని గట్టిగా తిప్పికొడుతుంది. ఎండిన ఆకులో ఈ తేడా తగ్గుతుంది. రెంటినీ పోల్చి ఒక సూచీ కడితే పంట ఎంత పచ్చగా ఉందో అంకెలో వస్తుంది. పరారుణానికి ఎరుపు రంగు కేటాయించి అచ్చువేసిన చిత్రాల్లో పచ్చని చేను ఎర్రగా, నిండిన చెరువు నల్లగా, ఎండిన చెల్క బూడిద రంగులో ఉంటుంది. మొదటిసారి చూసిన రెవెన్యూ అధికారికి ఎర్రగా ఉన్నదే కరువు ప్రాంతమనిపిస్తే అది అతని తప్పు కాదు.

మహబూబ్‌నగర్ ఈ సూచీకి గట్టి పరీక్ష. వానలు జూన్‌లో పడి జూలైలో మొండిచేయి చూపిస్తే జొన్న వాడిపోతుంది. రైతు దున్నేసి ఆగస్టులో ఆముదం వేస్తాడు. ఆముదం కరువుకు తట్టుకుని పచ్చగా నిలుస్తుంది. ఉపగ్రహం సెప్టెంబరులో చూసి 'పచ్చగానే ఉంది' అంటుంది. ఆ రైతు ఒక పంట, ఒక దఫా విత్తనం, కూలీ పోగొట్టుకున్న సంగతి ఆ పచ్చదనంలో కనిపించదు. అందుకే అంకెను ఒంటరిగా వదలకుండా వానల లెక్క, విత్తిన విస్తీర్ణం పక్కన పెట్టి చదవాలి. పాలమూరు కూలీలు ముల్లె సర్దుకుని ఏ నెలలో ఊరు విడుస్తున్నారన్నది కూడా ఒక సూచీయే, దానికి ఉపగ్రహం అక్కరలేదు.

తర్వాత

పదవీవిరమణ తర్వాత దీక్షితులు మళ్లీ బోధనలోకే వెళ్లారు. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో డెహ్రాడూన్‌లో ఏర్పడిన ఆసియా-పసిఫిక్ అంతరిక్ష విద్యా కేంద్రానికి తొలి డైరెక్టరయ్యారు. ఆపైన హైదరాబాదులో రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీలో విశిష్ట ఫెలోగా పనిచేశారు.

ఎన్‌ఆర్‌ఎస్‌ఏ కుర్చీలో ఆయన తర్వాత డి.పి. రావు, ఆర్.ఆర్. నవల్‌గుంద్, కె. రాధాకృష్ణన్ కూర్చున్నారు. నవల్‌గుంద్ ఇక్కడి నుంచి అహ్మదాబాదు స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు డైరెక్టరుగా వెళ్లారు. రాధాకృష్ణన్ తిరువనంతపురం మీదుగా 2009లో ఇస్రో చైర్మన్ అయ్యారు. దీక్షితులుకు ఆ కుర్చీ దానికదే గమ్యం, తర్వాతి తరానికి అది ఒక మెట్టు అయింది. 2008 సెప్టెంబరు 1న సొసైటీ రద్దయి సంస్థ పూర్తి ప్రభుత్వ కేంద్రంగా మారింది. ఏజెన్సీ పోయి 'సెంటర్' వచ్చింది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ అనే ఇప్పటి పేరు అలా ఏర్పడింది. మరుసటి ఏడాది ఆగస్టులో భువన్ వెబ్‌సైటు తెరుచుకున్నాక, ఒకప్పుడు కలెక్టరు బల్ల మీదే ఉండే పటాలు ఎవరైనా చూసుకునేవయ్యాయి.

మబ్బును చీల్చుకుని చూసే, మనమే తయారుచేసుకున్న రాడార్ కన్ను 2012 ఏప్రిల్‌లో రీశాట్-1తో మన చేతికి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటార్కిటికాలో భారతి స్థావరం దగ్గర మరో భూకేంద్రం పెట్టింది. షాద్‌నగర్ మీదుగా ఒక ఉపగ్రహం రోజుకు నాలుగైదు సార్లకు మించి పోదు. ధ్రువం దగ్గర దాదాపు ప్రతి చుట్టులోనూ కనిపిస్తుంది. అక్కడ దిగిన సమాచారం సమాచార ఉపగ్రహం మీదుగా షాద్‌నగర్‌కు చేరుతుంది. దాన్ని శుద్ధి చేసే పని కూడా ఇప్పుడు షాద్‌నగర్‌లోనే. బాలానగర్‌కు టేపులు మోసిన వాహనాలకు ఇక ఆ రోడ్డు మీద పని లేదు.